నాన్నకి వీడియో కాల్‌లో మెమరీ టెస్ట్ పెడతామంటున్నారు, నమ్మవచ్చా?

అంబాజీపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 74 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మా నాన్నా అంబాజీపేట దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. ఏడాదిగా నాన్నలో తేడా కనిపిస్తోంది. అడిగిందే అడుగుతుంటే వయసు కదా అని ఊరుకున్నాం. మొన్న కొబ్బరి దింపు రోజున అసలు సంగతి బయటపడింది. దింపు తీసినవాళ్ళకి పొద్దున కూలి ఇచ్చి, భోంచేసి ఓ కునుకు తీసి లేచాక మళ్ళీ పిలిచి ఇచ్చారు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. నాన్న లెక్కల పుస్తకం తీసి చూస్తే, ఈ మధ్య దింపులన్నీ గందరగోళం. కాయల లెక్క ఒక పేజీలో, డబ్బు లెక్క ఇంకెక్కడో, కొన్నిచోట్ల తేదీలే లేవు. మార్జిన్ కొట్టి, కూడిక కింద రెండు గీతలు గీస్తేగానీ పెన్ను మూయని మనిషి ఆయన. ఆ పేజీలు చూశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మోకాళ్ళ నొప్పుల వల్ల కారులో గంట కూడా కూర్చోలేరు. అందుకని హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టుకి వీడియోలో చూపించాం. ఆయన బాగానే మాట్లాడి, ముందు కాగ్నిటివ్ టెస్ట్ (జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే పరీక్ష) చేయించండి, మా సైకాలజిస్ట్ వీడియోలోనే చేస్తారు, గంట పైన పడుతుంది అన్నారు.

నా అనుమానాలు ఇవీ. నాన్నకి ఒక చెవి సరిగా వినబడదు. హియరింగ్ ఎయిడ్ కొన్నాం గానీ అది బీరువాలో హాయిగా ఉంది. సిగ్నల్ వీధరుగు మీద తప్ప లోపల రాదు. అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళందరూ పలకరిస్తారు. అన్నిటికన్నా పెద్ద సమస్య అమ్మ. నాన్నని ఎవరేం అడిగినా జవాబు అమ్మే చెబుతుంది. మొన్న డాక్టరు గారు "భోజనం ఏం చేశారు మాస్టారూ" అంటే నాన్న నోరు తెరిచేలోపే "ఆనపకాయ పులుసండీ" అని వినిపించింది. ఇక నాన్నేమో "నలభై ఏళ్ళు నేను పరీక్షలు పెట్టాను, ఇప్పుడు నాకే పెడతారా" అని మొహం ముడుచుకున్నారు.

ఇన్ని అడ్డంకుల మధ్య చేసే టెస్టుకి విలువ ఉంటుందా? ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.

కరీంనగర్ రాజన్న:

చెల్లెమ్మా, మా మామయ్యకి చేయించినం కాబట్టి చెప్తున్న. ఒక పెద్దాసుపత్రి వాళ్ళు 20 నిమిషాలు వీడియోలో గబగబా అడిగి 30కి 19 అన్నరు. ఫోన్లోనే "ఇది అల్జీమర్స్ లెక్కనే ఉంది" అని ఒక మాట అనేసిన్రు. ఇంట్లో అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత వేరే డాక్టరు దగ్గరికి తీసుకపోతే, ముందు చెవులు చూసిండు. రెండు చెవుల నిండా గులిమి. అది తీయించి, థైరాయిడ్ టెస్టు చేస్తే అది కూడా తేడా ఉంది. మందులు వాడి కొన్ని నెలల తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి చేస్తే 25 వచ్చింది. మా మామయ్యకి మతిమరుపు లేదని కాదు, ఉంది. కానీ ఆ 19 మాత్రం ఆయన బుర్రది కాదు, చెవులది.

ఇంకో ముచ్చట. టెస్ట్ సంగతి ఎట్లున్నా, ముందు మీ నాన్న ఫోన్ల వచ్చే ఓటీపీలు, ఏటీఎం కార్డు ఎవరి చేతిల ఉన్నయో చూసుకోండి. రెండుసార్లు కూలి ఇచ్చిన మనిషి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్న అంటే ఓటీపీ కూడా చెప్తడు.

విశాఖ సైకాలజిస్ట్:

రాజన్న గారు చెప్పిన చెవుల సంగతి బంగారం లాంటి మాట, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 2020 లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక వీడియోలో టెస్టులు మొదలుపెట్టాను, ఆ తర్వాత మానలేదు. ఇచ్ఛాపురం నుంచో అరకు నుంచో నడవలేని పెద్దాయన్ని కారులో కుదేసి తీసుకురమ్మనడానికి నాకు మనసొప్పదు. కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: నమ్మవచ్చు. అయితే ఎంత నమ్మాలన్నది ఆ గంటసేపు నాన్నగారి పక్కన ఎవరున్నారు, గోడ మీద ఏముంది, చెవిలో ఏముంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటర్నెట్ గురించి అందరూ టెన్షన్ పడతారు. నా అనుభవంలో సిగ్నల్ కన్నా సాయం చేసేవాళ్ళే టెస్టుని ఎక్కువ పాడుచేస్తారు.

టెక్సస్‌లో మన్రో కల్లమ్ బృందం 2014లో 202 మంది మీద చేసిన అధ్యయనం వెలువడింది. అదే తరహా పరీక్షలు ఎదురుగా ఒకసారి, వీడియోలో ఒకసారి పెట్టారు. మార్కులు దాదాపు సరిపోయాయి. వీడియో పనికొస్తుందనేవాళ్ళందరూ (నాతో సహా) ఆ పేపర్‌నే చూపిస్తారు. కానీ అందులో పెద్దవాళ్ళు కూర్చున్నది అన్నీ అమర్చిపెట్టిన క్లినిక్ గదిలో. వీధరుగు మీద కాదు. ఆ ఫలితాన్ని మీ అరుగు మీదకి తేవాలంటే, ముందు అరుగుని కాస్త గదిలాగా మార్చాలి.

ఎందుకంటున్నానో చెబుతాను. నర్సీపట్నం వైపు ఒక పెద్దాయనకి ఇలాగే చేస్తున్నాను. "ఈ రోజు తేదీ ఎంతండీ" అని అడిగితే ఆయన కళ్ళు ఫోన్ దాటి పైకి లేచాయి. తేదీ చెప్పారు, వారం చెప్పారు, నేను అడక్కుండానే తిథి, నక్షత్రం, వర్జ్యం కూడా చెప్పారు. ఫోన్ వెనక గోడకి ఇంత పెద్ద క్యాలెండర్ అన్నమాట. సరే, తీయించాం. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ అడిగాను. మొదటిది వెంటనే వచ్చింది. తర్వాత ఆగారు, ఎడమవైపు చూశారు, రెండోది వచ్చింది. మళ్ళీ ఆగారు, మళ్ళీ ఎడమవైపు చూపు, మూడోది. అలా చూసినప్పుడల్లా స్క్రీన్ మూల ఆకుపచ్చ చీర అంచు ఒకటి కదులుతోంది. "అమ్మా, మీరు కూడా ఇలా రండి" అంటే ఆవిడ నవ్వుతూ వచ్చి, "ఆయనకి తెలుసండీ, నోటి చివర ఉంది, నేను కాస్త అందించానంతే" అన్నారు. ఆవిడ తప్పు నాకేం కనిపించలేదు. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. కానీ ఆ భాగానికి నేను మార్కు వేయలేకపోయాను. ఇంకో రోజు, వేరే మాటలతో మళ్ళీ చేశాం.

మీ అమ్మగారి విషయంలో నా సలహా ఇదే. ఆవిడని పొమ్మనకండి, పని ఇవ్వండి. మొదట ఫోన్ పెట్టి, చివర్లో నాన్నగారు గీసిన కాగితం కెమెరాకి చూపించే బాధ్యత ఆవిడది. మధ్యలో మాత్రం వేరే గదిలో ఉండాలి. ఆవిడ చెప్పాలనుకున్నవన్నీ చెప్పుకోవడానికి విడిగా ఒక కాల్ పెట్టించండి. ఇది ఆవిడ మనసు పట్టడానికి చెబుతున్న మాట కాదు. ఇంట్లో మనిషి చెప్పేది మాకు టెస్టులో సగం. డబ్బు లెక్కలు, మందులు వేసుకోవడం, వెళ్ళిన దారిన తిరిగి రావడం, ఇలాంటివి ఎప్పటి నుంచి ఎలా మారాయో అడిగే ప్రశ్నావళులు ఉన్నాయి. మన పల్లెల జీవితానికి తగ్గట్టు తయారుచేసినవీ ఉన్నాయి. మీరు రాసిన ఆ దింపు లెక్కల పుస్తకం ఉంది చూశారూ, దాని పాత పేజీలు, కొత్త పేజీలు ఫొటోలు తీసి పంపండి. నాకైతే అలాంటిది దొరికితే పండగే.

టెస్టు గురించి కొంచెం. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి చేసిన ఎంఎంఎస్‌ఈ, 2005లో మాంట్రియల్‌లో నస్రెద్దీన్ బృందం తెచ్చిన మోకా, ఈ రెండూ జ్ఞాపకం, ఆలోచన చూసే చిన్న పరీక్షలు, 30 మార్కులవి. గంట పైన అన్నారు కాబట్టి మీవాళ్ళు ఏసీఈ-3 అనే పెద్ద పరీక్ష, దానితోపాటు ఇంకొన్ని చేస్తారనుకుంటాను. అది 100 మార్కులది. హిందీ, తెలుగు, కన్నడం సహా మన దేశంలో 7 భాషల్లో దాన్ని పరీక్షించి 2020లో ప్రచురించారు. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళ పరీక్షల సెట్ కూడా తెలుగులో ఉంది. తెలుగు ప్రతితోనే చేస్తున్నారా అని అడగండి. ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి మాత్రం వద్దు.

వీడియోలో మాటలకి సంబంధించినవి బాగా నడుస్తాయి. మాటలు గుర్తుంచుకోవడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు, వాక్యం తిరిగి చెప్పడం, మామూలు సంభాషణ. చేత్తో చేసేవి, టైము చూసేవి ఇబ్బంది పెడతాయి. గడియారం బొమ్మ గీయించి కెమెరాకి చూపించమంటాం, గీసిన కాగితం దొరుకుతుంది గానీ గీస్తున్నప్పుడు ఎక్కడ తడబడ్డారో కనబడదు. అందుకే వీలైతే రెండో ఫోన్ ఒకటి చేతుల మీదకి చూసేలా పెట్టమంటాను. అంకెలు వరసగా చెప్పి తిరిగి చెప్పమనేటప్పుడు మధ్యలో ఒక్క అంకె తెగిపోయినా ఆ వరస పనికిరాదు. ఊరు, ఇల్లు, గది అడిగే ప్రశ్నలు ఇంట్లో ఉన్నవాళ్ళకి మరీ తేలిక. ఇవన్నీ తెలిసిన సైకాలజిస్ట్ ఏది లెక్కలోకి తీసుకున్నారో, ఏది తీసుకోలేదో రిపోర్టులో రాస్తారు. కంటికి సంబంధించినవి వదిలేసి 22 మార్కులకే చేసే మోకా కూడా ఉంది.

ఇంకో సంగతి, మీ నాన్నగారు లెక్కల మాస్టారు. వందలోంచి ఏడు తీస్తూ వెళ్ళమంటే ఆయన నిద్రలో కూడా చెబుతారు. అందులో నూటికి నూరు వస్తే సంబరపడకండి. బడికి వెళ్ళని పెద్దావిడకి అదే ప్రశ్న పెట్టి సున్నా వస్తే భయపడనూ అక్కర్లేదు. చదువుని బట్టి మార్కుని చదవాలి. మోకాలో 12 ఏళ్ళు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకి ఒక మార్కు కలుపుతారు, మన పల్లెల్లో అది ఏ మూలకీ చాలదు. ఇంతకన్నా తగ్గితే అనుమానించాలని నెట్‌లో కనబడే హద్దులు, మోకాకి 26, ఏసీఈ-3కి 88, 82 లాంటివి, మనవాళ్ళని చూసి పెట్టినవి కావు. మంచి చదువున్న మనిషి హద్దు దాటి మార్కులు తెచ్చుకుని కూడా ఇంట్లో కూలి రెండుసార్లు ఇస్తుంటే, నేను కూలి సంగతినే ఎక్కువ పట్టించుకుంటాను.

ఇక ఆ రోజు ఏర్పాట్లు. టైము పొద్దున టిఫిన్ అయ్యాక పెట్టించుకోండి, సాయంత్రం వద్దు. ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా, జ్వరంగా ఉన్నా వాయిదా వేయండి, ఏ సైకాలజిస్టూ ఏమీ అనుకోరు. ఫోన్ చేత్తో పట్టుకోకూడదు. స్టీలు డబ్బాకో పుస్తకాలకో ఆనించి, కళ్ళకి ఎదురుగా ఉండేలా పెట్టాలి. లాప్‌టాప్ దొరికితే ఇంకా మంచిది. వెలుగు మొహం మీద పడాలి. గీతల్లేని తెల్ల కాగితాలు, ఆయనకి అలవాటైన పెన్ను, చదువుకునే కళ్ళజోడు. క్యాలెండరు, గోడ గడియారం తీసేసి, చేతి వాచీ అమ్మగారికి ఇచ్చేయాలి. టీవీ ఆపండి, పొయ్యి మీద కుక్కర్ పెట్టకండి. మీరు హైదరాబాద్ నుంచి కాల్‌లో జాయిన్ అవ్వకండి. కూతురు చూస్తోందంటే తండ్రికి బెదురు. సిగ్నల్ అరుగు మీదే వస్తుందంటున్నారు, ఒక్క రోజుకి ఎవరిదైనా వైఫై అడగండి, లేదా లోపలికి వచ్చే నెట్‌వర్క్ సిమ్ తెచ్చుకోండి. అది కూడా కుదరకపోతే అరుగు మీదే పెట్టి, వీధి తలుపు దగ్గర మీ అమ్మగారిని కాపలా కూర్చోబెట్టండి. పలకరించేవాళ్ళతో ఆవిడే మాట్లాడతారు. చూశారా, ఇంకో పని దొరికింది.

హియరింగ్ ఎయిడ్ మాత్రం తప్పనిసరి. అయితే టెస్టు రోజున మొదటిసారి పెట్టుకుంటే గోల తప్ప మాట వినబడదు. ఇవాళ్టి నుంచే రోజూ కాసేపు పెట్టించండి. లోపల గులిమి ఉందేమో ఎవరితోనైనా చూపించండి.

నాన్నగారి అలక గురించి. ఇది పాస్ ఫెయిల్ పరీక్ష అని చెప్పకండి, ఏమీ లేదు ఊరికే మాట్లాడతారు అని అబద్ధమూ చెప్పకండి. నేనైతే "ఇందులో అందరికీ కొన్ని తప్పులు పోతాయి మాస్టారూ, అలా కావాలనే తయారుచేశారు" అని చెబుతాను. పేపర్లు సెట్ చేసిన మనిషికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

చివరిగా, వీడియో ఎంత బాగా చేసినా నడక ఎలా ఉందో, చేతులు బిగుసుకున్నాయో లేదో, కాళ్ళలో స్పర్శ ఉందో అది చూడలేదు. బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షలు మీ ఊరి దగ్గరే చేయించవచ్చు. బ్రెయిన్ స్కాన్‌కి ఎలాగూ ఒకసారి బయటికి తీసుకెళ్ళాలి, ఆ రోజే న్యూరాలజిస్టో, లేకపోతే మంచి ఫిజీషియనో ఎదురుగా చూసేలా చేసుకోండి. డిప్రెషన్ కూడా అచ్చం మతిమరుపులా కనబడుతుంది, టెస్ట్ చేసేవాళ్ళు అది అడగకపోతే మీరే గుర్తుచేయండి.

డాలస్ తమ్ముడు:

అక్కా, ఇక్కడ పోస్ట్ పెట్టి నాకు చెప్పలేదేం? అందరికీ నమస్తే, ఆ తమ్ముడిని నేనే.

మేడమ్, చాలా వివరంగా రాశారు, థాంక్స్. నావి రెండు ప్రశ్నలు. నెట్‌లో ఒక టెస్ట్ దొరికితే నాన్నతో వాట్సాప్ వీడియోలో నేనే చేయించాను. మొదటిసారి కొంచెం తక్కువొచ్చింది, వారం తర్వాత చేస్తే చాలా బాగా వచ్చింది. అంటే ఇంప్రూవ్ అవుతున్నట్టే కదా? రెండోది, రెండు భాషలు వచ్చినవాళ్ళకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రాదని హైదరాబాద్‌లోనే రీసెర్చ్ చేశారని చదివాను. నాన్నకి తెలుగు, ఇంగ్లీషు, కాస్త హిందీ కూడా వచ్చు.

ఆ టెస్టులో మాటలు కింద పెడుతున్నాను, ఇదే మోకానా కాదా చెప్పండి.

(ఇక్కడ ఉన్న పదాలను మోడరేటర్ తొలగించారు.)

విశాఖ సైకాలజిస్ట్:

మోడరేటర్ గారికి థాంక్స్, అడిగిన వెంటనే తీసేశారు. తమ్ముడు గారూ, కోపంతో తీయించలేదు. ఆ మాటలు నలుగురి కంటా పడితే రేపు ఇంకెవరి నాన్నగారికో ఆ పరీక్ష పనికిరాకుండా పోతుంది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అదే. రెండోసారి మార్కులు పెరగడం చాలావరకు అలవాటు వల్ల. ప్రశ్నలు తెలిసిపోయాయి, మీరు ఏం అడుగుతారో తెలిసిపోయింది. మెరుగుపడ్డారని దాన్నిబట్టి చెప్పలేం. ఒక మాట మాత్రం ఉంది, వారం తర్వాత ఆ ప్రశ్నలు గుర్తున్నాయంటే అదీ ఒక సమాచారమే. టెస్ట్ చేసే సైకాలజిస్టుకి ఏది, ఎప్పుడు చేయించారో తప్పక చెప్పండి. కొన్ని టెస్టులకి వేరే మాటలతో ప్రత్యామ్నాయ ప్రతులు ఉంటాయి, అది వాడతారు. ఇంక మీరు చేయించకండి. నాన్నగారితో వీడియోలో మాట్లాడాలనిపిస్తే కబుర్లు చెప్పండి.

రెండో ప్రశ్న. మీరు చదివింది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం చేసిన పని, 2013లో వచ్చింది. డిమెన్షియా ఉన్న 648 మందిని చూస్తే, ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. ఆలస్యం అన్నారు, రాదు అనలేదు. ఆ 648 మందికీ జబ్బు వచ్చిందన్న సంగతి మరిచిపోకండి. మన దేశంలో 60 దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క. వాళ్ళలో రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళు బోలెడు మంది ఉంటారు.

నాన్నగారు రోజూ వేసుకునే మందులన్నీ ఒక కాగితం మీద రాశారా? డాక్టరు రాసినవి సరే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కూడా.

అంబాజీపేట అమ్మాయి:

మేడమ్, మీరు అడిగాక అమ్మ చేత మందుల డబ్బా మంచం మీద బోర్లించి వీడియోలో చూపించమన్నాను. బీపీ, షుగర్ మాత్రలు సరే. రాత్రి నిద్ర పట్టడానికని పాత చీటీ మీద రాసిన మాత్ర ఒకటి ఇంకా వాడుతున్నారు, అది రాసిన డాక్టరు గారు ఊళ్ళోనే లేరు ఇప్పుడు. జలుబు మాత్రల పట్టీ సగం ఖాళీ. అమ్మని అడిగితే "ఆయ్, అది వేసుకుంటే హాయిగా పడుకుంటారు" అంది. అంటే జలుబు లేకపోయినా వేస్తోందన్నమాట! షుగర్ మాత్రమో మెట్‌ఫార్మిన్, చాలా ఏళ్ళుగా.

విశాఖ సైకాలజిస్ట్:

ఈ డబ్బా ఫొటో న్యూరాలజిస్టుకి ఇవాళే పంపండి. జలుబు మాత్రల్లో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి పెద్దవాళ్ళ బుర్రని మసకబారుస్తాయి, జ్ఞాపకానికి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం పనికి అడ్డం పడతాయి. నిద్రమాత్రలు కూడా మరుసటి రోజు మందకొడితనం తెస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు, అందుకే ఆ పరీక్ష మీకు మరీ ముఖ్యం. కానీ మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ముఖ్యంగా నిద్రమాత్ర, చాలాకాలం వాడినది ఒక్కసారిగా ఆపితే ఇంకో గొడవ. డాక్టరు గారు చెప్పినట్టు మార్చి, ఆ తర్వాతే టెస్ట్ పెట్టించుకోండి, కొన్ని వారాలు ఆలస్యమైతే కొంపేం మునగదు.

కోనసీమ సీహెచ్‌ఓ:

అక్కా నమస్తే, నేను మీ పక్క మండలంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) చేస్తున్నాను. రోజూ ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో వైద్య సేవలో పేషెంట్లని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టర్లతో మాట్లాడిస్తుంటాం కాబట్టి ఒక ఐడియా చెబుతాను. మీ ఊరి క్లినిక్‌లో ఉన్న సీహెచ్‌ఓనో ఏఎన్‌ఎంనో అడిగి చూడండి. క్లినిక్‌కి నెట్ ఉంటుంది, గదికి తలుపు ఉంటుంది, మీ ఇంటికి దగ్గర. ఓపీ రద్దీ తగ్గాక ఒక గంట గది ఇవ్వడం పెద్ద పనేం కాదు. మేం పక్కన ఉంటే ఫోన్ పెడతాం, కాగితం చూపిస్తాం, జవాబు మాత్రం అందించం. మాకు మాస్టారి జవాబులు తెలియవు కదా!

బీపీ, షుగర్ అక్కడే చూస్తారు. మనసుకి సంబంధించిన దిగులు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. అమ్మగారికి కూడా పనికొస్తుంది, ఇలాంటి ఇళ్ళలో ముందు నలిగిపోయేది వాళ్ళే.

కరీంనగర్ రాజన్న:

ఈ ఐడియా బాగుంది. మా అప్పుడు ఎవ్వరూ చెప్పలే.

అంబాజీపేట అమ్మాయి:

అప్‌డేట్ ఇస్తున్నాను, టెస్ట్ అయింది.

జలుబు మాత్ర మానిపించారు, నిద్రమాత్ర మెల్లగా తగ్గించారు. బీ12 బాగా తక్కువ వచ్చింది, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. గులిమి తీయించాం. మా ఊరి క్లినిక్ సిస్టర్ ఒప్పుకుని గది ఇచ్చింది. పైగా ఆవిడ నాన్న దగ్గర చదువుకున్న పిల్లే. దాంతో మొదట నాన్న "నా స్టూడెంట్ ముందు పరీక్ష ఏంటి" అని నస పెట్టారట. అప్పుడు ఆ పిల్ల "నేను బయట కూర్చుంటాను సార్, కాగితం చూపించాల్సి వస్తే పిలవండి" అందట. అమ్మ ఇంట్లోనే ఉంది. అమ్మతో విడిగా గంటన్నర మాట్లాడారు. అమ్మకి ఎంత సంతోషమో, "నన్ను కూడా అడిగారే" అని పది మందికి చెప్పింది.

సైకాలజిస్ట్ మొదలుపెట్టేముందు తన రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పి, రికార్డ్ చేయడం లేదని చెప్పి, నాన్న ఒప్పుకుంటేనే మొదలుపెడతానన్నారట. మధ్యలో ఒకసారి కాల్ తెగింది. అప్పుడు చేస్తున్న అంకెల ప్రశ్న వదిలేసి, కొత్త అంకెలతో మళ్ళీ చేశారు.

ఏసీఈ-3 మొత్తం 72. శ్రద్ధ 18కి 15, జ్ఞాపకం 26కి 13, పదాల వేగం 14కి 7, భాష 26కి 23, బొమ్మలూ గీయడమూ 16కి 14. రిపోర్టు కింద "వీడియో ద్వారా చేసినది, ఒకసారి అంతరాయం, హియరింగ్ ఎయిడ్ ధరించారు, బొమ్మలు కెమెరాలో చూసి మార్కులు వేసినవి" అని రాశారు. డిప్రెషన్ ప్రశ్నల్లో పెద్దగా ఏమీ లేదట. డాక్టరు గారు కాకినాడలో ఎంఆర్‌ఐ చేయించి, అక్కడే ఒక న్యూరాలజిస్టుకి ఎదురుగా చూపించమన్నారు. ఆయన్ని ఏం అడగాలి మేడమ్?

విశాఖ సైకాలజిస్ట్:

రిపోర్టు ఎలా ఉండాలో అలా రాశారు. జబ్బు పేరు నేను చెప్పను, చెప్పకూడదు. కానీ అంత చదువుకున్న మనిషికి జ్ఞాపకం దగ్గర సగానికి పడిపోవడం, మీరు చెప్పిన దింపు లెక్కలు, రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇది వయసుతో వచ్చేదేలే అని వదిలేయాల్సిన మార్కు కాదు. బీ12 కూడా తక్కువ ఉంది కాబట్టి ఎంత వాటా దేనిదన్నది ఇప్పుడే తేలదు.

కాకినాడలో ఒకటి అడగండి. మాటలు సొంతంగా చెప్పలేకపోయినప్పుడు, "ఇదా, అదా, ఇంకోటా" అని ఎంచుకోమంటే సరైనది పట్టుకున్నారా లేదా? ఆ వివరం రిపోర్టు లోపలి పేజీల్లో ఉంటుంది, పూర్తి స్కోర్ షీట్ చూడమనండి. ఎంచుకోమన్నప్పుడు చెప్పగలిగితే మాట లోపల ఉంది గానీ బయటికి రావడం లేదని, అప్పుడూ చెప్పలేకపోతే అసలు లోపల నిలవలేదని అనుమానిస్తాం. రెండిటికీ డాక్టరు వెతికే కారణాలు వేరు. దీనొక్కదాన్ని బట్టి ఏదీ తేల్చరు, స్కాన్, నడక, బీ12 అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

బీ12 కోర్సు అయ్యాక ఆరు నెలలకి మళ్ళీ టెస్ట్ చేయిస్తే ఇదే పద్ధతిలో, ఇదే క్లినిక్ గదిలో, పొద్దున పూటే చేయించండి, వేరే మాటల ప్రతితో. ఒకసారి వీడియోలో, ఒకసారి ఎదురుగా చేసి పోల్చితే తేడా దేనివల్లో చెప్పడం కష్టం. కాకినాడ వెళ్ళేటప్పుడు మందుల కాగితం, లెక్కల పుస్తకం, హియరింగ్ ఎయిడ్ బ్యాటరీలు సంచిలో పెట్టమనండి. దారిలో మోకాళ్ళ కోసం కారు రెండుచోట్ల ఆపించి కాస్త నడిపించండి.